భీమిలిలో తాతగారి పెంకుటిల్లు బిల్డరుకి ఇవ్వాలా, ఉంచుకోవాలా?

కొత్తగా చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న ఒకసారి చెప్పేస్తాను. భీమిలి బీచ్ నుంచి రెండు వీధులు లోపలికి మీ తాతగారు కట్టిన పెంకుటిల్లు ఉంది. నలుగురు వాటాదారులు, అందులో ఇద్దరు హైదరాబాదులో. ఒక బిల్డరు వచ్చి ఐదంతస్తులు లేపుతాను, సగం సగం అంటున్నాడు. మీకు కూల్చడం ఇష్టం లేదు. కానీ నేనొక్కణ్ణి ఉంచుకున్నంత మాత్రాన ఊరు ఊరులా ఉంటుందా, బీచ్ రోడ్డంతా లాడ్జిలూ రిసార్టులూ అయిపోతున్నాయి కదా అని అడిగారు. పోనీ ముందు వసారా ఉంచి వెనక అపార్ట్‌మెంట్ కడితే పాత అందం నిలుస్తుందా అని కూడా అడిగారు.

నేను సివిల్ ఇంజనీర్ని. ముప్పై ఏళ్ళకు పైగా విశాఖ వన్ టౌన్‌లో, వాల్తేరులో, భీమిలిలో పాత ఇళ్ళ మరమ్మతులే ఎక్కువగా చేశాను. కొన్ని నిలబడ్డాయి, కొన్నిటిని కళ్ళముందే జేసీబీ పెట్టి పడగొట్టారు. అందుకని నా మాటల్లో పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నాను. ఇల్లు ఉంచుకోండి. అయితే "ఊరి అందం కాపాడాలి" అన్న మాటని పట్టుకుని ఉంచుకుంటే రెండు వానాకాలాలకి మీకే విసుగొస్తుంది. ఇల్లు కారకుండా, అందులో ఎవరో ఒకరు కాపురం ఉండేలా, దాని ఖర్చు అదే సంపాదించుకునేలా చూసుకోగలిగితేనే ఉంచుకోండి. ఊరు నిలబడేది కూడా అలాగే, ఒక్కొక్క ఇంట్లో దీపం వెలగడం వల్ల.

భీమిలి స్వభావం ఏమిటో ముందు చూద్దాం, ఎందుకంటే చాలామంది దాన్ని డచ్చివాళ్ళ సమాధులూ లైట్‌హౌసూ గంటస్తంభం అనుకుంటారు. అవి ముఖ్యమే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తకానికి దిగారు, 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది, 1861లోనే మున్సిపాలిటీ అయింది, దేశంలోనే పాత మున్సిపాలిటీల్లో ఇదొకటి. ఇంత చరిత్ర ఉన్న ఊరు 2013లో విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. కానీ మీరు చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు భీమిలి అంటే మీకు ఏది గుర్తుండిపోయింది? అరుగు మీద కూర్చుంటే మధ్యాహ్నం మూడింటికి సందులోంచి దూసుకొచ్చే సముద్రపు గాలి. పెరట్లో తియ్యటి నీళ్ళ నుయ్యి. సందు చివర ఇసుకలో నిలబెట్టిన తెప్పలు, ఆరేసిన వలలు. రాత్రి పడుకుంటే కెరటాల హోరు. ఒక్క గంటస్తంభానికి రంగు వేస్తే ఇవేవీ తిరిగి రావు. గంటస్తంభం పడిపోయినా ఇవి నాలుగూ ఉంటే భీమిలి భీమిలిలాగే ఉంటుంది. కాబట్టి కాపాడాల్సింది ఈ నాలుగింటినీ. మీ ఇల్లు ఈ నాలుగింటిలోనూ భాగమే.

ఇప్పుడు ముందు వసారా ఉంచి వెనక ఐదంతస్తులు కట్టే సంగతి. వద్దు. పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి, పునాది లోతు తక్కువ, పక్కనే పెద్ద గొయ్యి తవ్వితే గోడ కింద మట్టి కదులుతుంది, పగుళ్ళు వస్తాయి. అప్పుడు బిల్డరే "ఇది ప్రమాదం అండీ, తీసేద్దాం" అంటాడు. ఇలా రెండుసార్లు చూశాను, రెండుసార్లూ వసారా పోయింది. ఒకవేళ నిలిచినా దాని వెనక గాలి ఉండదు, వెలుతురు ఉండదు, అది సెల్ఫీలకి తప్ప ఎందుకూ పనికిరాదు. మీది మండువా ఉన్న ఇల్లు అన్నారు కదా. వేడిగాలి ఆ మండువాలోంచి పైకి పోతుంటేనే వసారాలోకి చల్లగాలి లాగుతుంది. మండువా పూడ్చి వసారా ఉంచడం అంటే ముక్కు మూసి నోరు తెరవడం లాంటిది.

అదనంగా గదులు కావాలంటే పెరట్లో, పాత గోడకి బాగా ఎడంగా, రెండంతస్తులకి మించకుండా వేరే కట్టండి. ఆ కట్టేది కూడా సముద్రపు గాలికి తట్టుకునేలా కట్టాలి. మన తీరంలో పదిహేనేళ్ళకే స్లాబు పెచ్చులూడిన అపార్ట్‌మెంట్లు ఎన్ని ఉన్నాయో మీరే చూస్తున్నారు. ఉప్పు కాంక్రీటులోకి దిగి చువ్వకి తుప్పు పట్టిస్తుంది, తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటుని బయటికి నెడుతుంది. కాంక్రీటు పనికి దేశమంతటికీ ఉన్న ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సముద్రతీరానికి కనీసం ఎం30 రకం కాంక్రీటు వాడాలి, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే చువ్వని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. సైటులో చాలాచోట్ల 20, 25 వేసి కానిచ్చేస్తారు. బిల్డరు మీకు కొత్త ఫ్లాటు ఇస్తానంటున్నాడు కదా, కవర్ ఎంత వేస్తారని ఒక్క ప్రశ్న అడిగి చూడండి, జవాబుని బట్టి మీకు చాలా తెలుస్తుంది.

పాత ఇంటికి మరమ్మతు ఎలా చెయ్యాలన్నది మీరు అడగలేదు, అయినా చెప్తాను, ఎందుకంటే ఇళ్ళు బిల్డర్ల వల్ల పోయినదానికన్నా తప్పుడు మరమ్మతుల వల్ల ఎక్కువ పోయాయి. 90లలో వన్ టౌన్‌లో ఒక ఇంటి గోడలు కింద మూడు నాలుగు అడుగుల ఎత్తు దాకా చవుడు పట్టి పొడిపొడిగా రాలుతుంటే, ముసలి మేస్త్రి వద్దంటున్నా వినకుండా నేనే సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను. చూడ్డానికి అద్దంలా వచ్చింది, ఇంటివాళ్ళు సంతోషించారు. మూడో వానాకాలానికి సిమెంటు పొర పలకలు పలకలుగా ఊడింది, దాంతోపాటు లోపలి ఇటుక ముఖాలు కూడా ఊడి వచ్చాయి. చవుడు ఆరడుగుల ఎత్తుకి ఎక్కింది. ఆ ఇంటాయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ బాధ.

ఎందుకు అలా అయిందంటే, సున్నం గోడ నేలలోంచి తడిని పీలుస్తుంది, గాలికి వదిలేస్తుంది. తడితోపాటు ఉప్పు కూడా పైకి వచ్చి గోడ ముఖం మీద పొంగుతుంది, దాన్ని బ్రష్షుతో దులిపేస్తాం, పూర్వం ఏటా సున్నం కొట్టుకునేవాళ్ళు, అంతే సంగతి. మీద సిమెంటు వేస్తే తడికి బయటికి పోయే దారి లేదు, ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు సిమెంటు వెనకే గట్టిపడి స్ఫటికాలై ఇటుకని లోపలినుంచి బద్దలు కొడుతుంది. ఎమల్షన్ పెయింటు, ప్లాస్టిక్ పుట్టీ కూడా ఇదే పని చేస్తాయి, కాస్త నెమ్మదిగా. కాబట్టి మీ ఇంటికి సిమెంటు పూత ఉంటే మెల్లగా చెక్కించండి, గోడని ఒక వేసవంతా ఆరనివ్వండి, తడిపిన కాగితపు గుజ్జు పట్టించి ఆరాక తీసేస్తే లోపలి ఉప్పు చాలా వరకు దాంట్లోకి వచ్చేస్తుంది, రెండు మూడుసార్లు చెయ్యాలి. తర్వాత సున్నం, మంచి ఏటి ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగ ఆడించిన డంగుతో పూత. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలపడం ఉత్త ఆచారం కాదు, పూతకి పట్టు వస్తుంది. వారాల తరబడి తడుపుతూ ఉండాలి, సిమెంటులాగా వారం రోజుల్లో అయిపోవాలంటే కుదరదు. చేసేవాళ్ళు దొరకరని అందరూ అంటారు కానీ గుడి పనులు చేసే మేస్త్రీల దగ్గర ఆ చెయ్యి ఇంకా ఉంది, అడిగితే వస్తారు, పక్కన ఇద్దరు కుర్రాళ్ళని పెట్టి నేర్పిస్తే ఇంకా మంచిది.

గోడల కన్నా ముందు పైకప్పు. ఇల్లు ఎప్పుడూ పైనుంచే చస్తుంది. పెంకు పగిలి ఒక చుక్క కారుతుంటే కింద బక్కెట్టు పెట్టి ఊరుకుంటాం, ఆ నీరు దూలం గోడలోకి దిగే చోట చేరి చివర కుళ్ళుతుంది, మధ్యలో బర్మా టేకు ఇనుములా ఉంటుంది, చివర మాత్రం స్క్రూడ్రైవరు గుచ్చితే వేలెడు లోపలికి దిగిపోతుంది. పుదుచ్చేరిలో మేరీ అని పాత టౌన్‌హాలు ఉండేది, సముద్రం ఒడ్డునే, ఆ ఊరికే గుర్తు లాంటి భవనం. ఏళ్ళ తరబడి బాగుచెయ్యకుండా వదిలేస్తే 2014 నవంబరు వానల్లో కుప్పకూలింది. తర్వాత అదే రూపంలో కొత్తగా కట్టారు, బాగానే కట్టారు, కానీ కూలినదాన్ని కట్టే ఖర్చులో ఎన్నో వంతు పెడితే పాతదే నిలిచేదో ఆలోచించండి. అదే ఏడాది అక్టోబరు 12న మనకి హుద్‌హుద్ వచ్చింది. ఆ వారం నేను బీచ్ రోడ్డు పొడుగునా తిరిగాను. అద్దాల ముఖాలున్న కొత్త భవనాలు బోసిపోయి నిలబడ్డాయి. పెంకుటిళ్ళకి పెంకులు లేచిపోయాయి, నిజమే, కానీ పెంకులు దొరికినవాళ్ళు పది రోజుల్లో మళ్ళీ నేసుకుని లోపల పడుకున్నారు. అందుకే అటక మీద ఎప్పుడూ ఒక రెండువందల పెంకులు అదనంగా ఉంచుకోండి, పాత ఇళ్ళు పడగొట్టే చోట చవగ్గా దొరుకుతాయి.

వాటాల విషయం. మీ గొడవంతా అసలు ఇక్కడే ఉంది, గోడల దగ్గర కాదు. హైదరాబాదులో ఉన్నవాళ్ళని తిట్టుకోకండి, వాళ్ళకి ఆ ఇంటి నుంచి రూపాయి రావడం లేదు, పన్ను మాత్రం కడుతున్నారు, బిల్డరు డబ్బు చూపిస్తే ఆశపడటం తప్పు కాదు. ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే, ఒక వాటాదారు తన వాటా బయటివాళ్ళకి అమ్మినా, అవిభక్త కుటుంబపు నివాస గృహంలో ఆ కొన్నవాడు వచ్చి మీతోపాటు కాపురం పెట్టే హక్కు ఉండదు, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ అదే చెప్తుంది, వాడు విభాగానికి కోర్టుకి వెళ్ళాల్సిందే. వారసత్వంగా వచ్చిన వాటా అమ్మేటప్పుడు తోటి వారసులు ముందు కొనుక్కునే హక్కు హిందూ వారసత్వ చట్టం 22లో ఉంది. మీ కాగితాలకి ఇవి ఎంతవరకు వర్తిస్తాయో లాయర్ని అడగండి. ఇవి బెదిరించడానికి కాదు, టైము సంపాదించడానికి. ఆ టైములో మీరు ఇంటికి ఆదాయం చూపించాలి. రెండు గదులు హోమ్‌స్టేగా ఇవ్వచ్చు, విశాఖలో పూజల సెలవులకీ చలికాలానికీ వచ్చే బెంగాలీ కుటుంబాలు ఇలాంటి ఇళ్ళ కోసం వెతుక్కుంటారు, పొద్దున్న మన ఇంటి ఇడ్లీ పెడితే మళ్ళీ ఏడాదీ వాళ్ళే వస్తారు. వచ్చిన ఆదాయం నలుగురి ఖాతాల్లో పడేలా కుటుంబ ఒప్పందం రాసి రిజిస్టరు చేయించండి. అమ్మేయాలనుకున్నవాళ్ళ వాటా మీరు మెల్లగా విడతల్లో కొనుక్కోండి. తొందరపడి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ మీద మాత్రం సంతకం పెట్టకండి, జీపీఏ అంటే మీ తరఫున సంతకాలు పెట్టే అధికారం బిల్డరుకి రాసివ్వడం, ఆ రెండో సగంలోనే ఇల్లు చేతులు మారిపోతుంది.

ఇంకొకటి, బిల్డరు చెప్పే ఐదంతస్తులు అక్కడ వస్తాయో రావో చూడండి. సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్ నిబంధనలు, అంటే తీరంలో కట్టడాల మీద కేంద్రం పెట్టిన ఆంక్షలు, ఉంటాయి. మున్సిపల్ పరిధిలో బాగా కట్టుబడి ఉన్న ప్రాంతం సీఆర్‌జెడ్-2 కిందికి వస్తే, అప్పటికే ఉన్న రోడ్డుకి ఊరివైపు కట్టుకోవచ్చు, సముద్రం వైపు కొత్తవి కట్టకూడదు. మీ సర్వే నంబరు కోస్టల్ జోన్ మ్యాపులో ఏ రంగులో ఉందో కాగితం మీద చూపించమనండి, నోటిమాట నమ్మకండి. మన బిల్డింగ్ రూల్స్‌లో హెరిటేజ్ భవనాన్ని కూల్చకుండా వాడుకునేవాళ్ళకి టీడీఆర్ ఇచ్చే అవకాశం కూడా రాసి ఉంది, అంటే మీరు కట్టుకోని అంతస్తుల హక్కుని వేరేచోట వాడుకునేవాళ్ళకి అమ్ముకోవచ్చు. అది చేతికి రావాలంటే ముందు భవనం హెరిటేజ్‌గా గుర్తింపు పొందాలి, ఓపిక కావాలి. పాత కట్టడాల సంరక్షణ కోసం పనిచేసే సంస్థ ఇన్‌టాక్‌కి విశాఖలో శాఖ ఉంది, వాళ్ళతో మాట్లాడి ఇంటి కొలతలు, ఫొటోలు తీయించి పెట్టుకోండి, గుర్తింపు వచ్చినా రాకపోయినా అవి పనికొస్తాయి.

ఇప్పుడు మీ పెద్ద ప్రశ్న, ఒక్క ఇల్లు ఉంచితే ఊరు నిలుస్తుందా అని. ఒక్క ఇల్లు నిలపదు, నిజం. కానీ మీ వీధిలో పన్నెండు ఇళ్ళు ఉన్నాయన్నారు, పన్నెండు ఇళ్ళవాళ్ళు కలిస్తే చెయ్యగలిగినవి ఉన్నాయి, వాటికి ఏ జీవో అక్కర్లేదు.

అన్నిటికన్నా ముందు సందులు. పాత భీమిలిలో సముద్రంలోకి తిన్నగా దిగే సందులు ఉన్నాయి, గాలికీ జాలర్లకీ అవే దారి. ఒక్కొక్క రిసార్టు వచ్చినప్పుడల్లా ఒక్కొక్క సందుకి గేటు పడుతుంది, మొదట "సెక్యూరిటీ కోసం", తర్వాత గోడ. టౌన్ సర్వే మ్యాపు నకలు తెచ్చుకుని అందులో రస్తాగా ఉన్న ప్రతి సందుకీ ఎర్ర పెన్నుతో గీత గీయండి, వెళ్ళి నడవండి, మూసేసినవి ఎన్నో రాసుకోండి. ఆ మ్యాపు చేతిలో పెట్టుకుని వార్డు ఆఫీసులోనో జోనల్ ఆఫీసులోనో అర్జీ ఇస్తే దానికి విలువ వేరు. ఊరి అందం పాడవుతోందని అర్జీ పెడితే ఎవరూ పట్టించుకోరు, ఫలానా సర్వే నంబరు రస్తా ఆక్రమణ అయిందంటే జవాబు ఇవ్వక తప్పదు.

నూతుల సంగతీ అంతే అత్యవసరం. తీరం ఇసుకలో వాననీరు ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలుతూ ఉంటుంది. చేదతో నాలుగు బిందెలు తోడుకుంటే ఆ పొర చెదరదు. ముప్పై గదుల లాడ్జివాళ్ళు లోతు బోరు వేసి రాత్రింబవళ్ళు మోటారు ఆడిస్తే కిందనుంచి ఉప్పునీరు పైకి లాగుతుంది, పక్కిళ్ళ నూతులన్నీ ఉప్పెక్కుతాయి, ఒకసారి ఉప్పెక్కితే మళ్ళీ తియ్యటి నీళ్ళు రావడానికి ఏళ్ళు పడుతుంది. నుయ్యి పోతే పెరట్లో కొబ్బరిచెట్టు పోతుంది, ఆ ఉప్పునీళ్ళే గోడలకి కొడితే గోడ పోతుంది. బోరుకి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి ఉండాలి, ఉందా అని అడిగే హక్కు మీకుంది. మీ కప్పు మీది వాననీటిని మీ నూతిలోకే దింపండి, ఈ వానాకాలమే. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద పడ్డ వాన కూడా ఇలాగే ఇసుకలోకి ఇంకుతుంది, వాటిని చదును చేసి ప్లాట్లు వేస్తే పోయేది చూడముచ్చటైన దృశ్యం ఒక్కటే కాదు.

జాలర్ల మాట చెప్పకపోతే మిగతాదంతా దండగ. బీచ్ "అందంగా" చెయ్యాలని ఎవరు ప్లాను గీసినా మొదట జరిపేది తెప్పల్ని, వలల్ని, ఎండుచేపల్ని. టైల్సు వేసి, బొమ్మలు పెట్టి, పెద్ద లైట్లు వేస్తారు. ఆ లైట్లకి జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు వెనక్కి పోతాయి, పిల్లలు సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పాకుతాయి. తెప్పలు ఆగే చోటు, వలలు ఆరేసే చోటు తీరప్రాంత ప్లానులో గుర్తించాలని సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ మ్యాపులో మీ ఊరి జాలరిపేట హద్దులు సరిగ్గా ఉన్నాయో లేదో వాళ్ళ పెద్దలతో కలిసి వెళ్ళి చూడండి. వీధివాళ్ళు, పేటవాళ్ళు విడివిడిగా వెళ్తే రెండు అర్జీలూ మూలన పడతాయి.

ఇసుక కోతకి ఊరి ముందు రాతిగోడ కట్టమని అడిగేవాళ్ళు ఉంటారు. కంగారు పడి సంతకం పెట్టకండి. మన తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1933లో మొదలైన విశాఖ పోర్టూ, తర్వాతి అవుటర్ హార్బర్ గోడలూ ఆ నడకని ఆపడం వల్లే ఆర్కే బీచ్ కోతకి గురై, పోర్టువాళ్ళు డ్రెడ్జర్‌తో ఇసుక తోడి బీచ్‌కి పోయాల్సి వస్తోంది. నిలువు గోడకి కొట్టుకున్న కెరటం దాని కాళ్ళ కింది ఇసుకనే లాక్కుపోతుంది, గోడ మిగులుతుంది, బీచ్ పోతుంది, కోత పక్కూరికి మారుతుంది. ఇసుక మీద పాకే ఊదారంగు పువ్వుల తీగనీ మొగలి పొదల్నీ పీకకుండా ఉంచితే అవే చాలా ఇసుకని పట్టి ఉంచుతాయి.

మీరు ఈ వారంలో చెయ్యాల్సింది ఒకటే. ఎండగా ఉన్న రోజు చూసి అటక ఎక్కండి, ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళండి, ప్రతి దూలం గోడలోకి దిగే చోట గుచ్చి చూడండి, ఎంత లోతు దిగిందో సుద్దముక్కతో దూలం మీదే రాయండి. వసారా వైపు, వంటింటి వైపు ఫొటోలు ఇక్కడ పెట్టండి, గోడల కింది మూడడుగులవి కూడా. అవి చూస్తే ఈ వానాకాలానికి ఏ దూలాలకి కింద ఆసరా కర్ర పెట్టాలో, ఏవి వచ్చే వేసవి దాకా ఆగుతాయో చెప్తాను.